మెయిల్ జంక్‌లోకి పోతోందా? ఆపిందెవరో పట్టుకునే పద్ధతి

నెలాఖరు, సాయంత్రం ఐదున్నర. అకౌంట్స్ మేడమ్ ఫోన్: "బాబూ, వెండర్ ఇన్‌వాయిస్ పంపి రెండు రోజులైందట. నాకు రాలేదు. మీ సర్వర్ గానీ మింగేసిందా?"

ఆఫీసులో మెయిల్ వ్యవహారం చూసేవాళ్లకు ఈ ఫోన్ కొత్తేం కాదు. ఆ హడావిడిలో చాలామంది చేసే పని ఒకటే. వెండర్ డొమైన్‌ను (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాతి భాగం) వైట్‌లిస్ట్‌లో, అంటే ఫిల్టర్ ఆపకుండా వదిలేసే జాబితాలో పడేసి, "మళ్లీ పంపమనండి మేడమ్" అంటారు. కొన్నేళ్లు నేనూ అదే చేశాను. దానివల్ల ఒకసారి లక్షలు పోయేంత పనైంది, ఆ కథ తర్వాత చెప్తాను.

మెయిల్ ఊరికే మాయమైపోవడం చాలా అరుదు. దారిలో ఏదో ఒక సర్వర్ దాన్ని ఆపుతుంది, ఎందుకు ఆపిందో ఎక్కడో రాసిపెడుతుంది. ఆ రాత చదివేదాకా ఏ సెట్టింగూ ముట్టుకోకండి. ఇక్కడి ఉదాహరణలు మైక్రోసాఫ్ట్ 365, గూగుల్ వర్క్‌స్పేస్‌లవి. మీరు జోహో మెయిల్ వాడినా, సొంత సర్వర్ పెట్టుకున్నా మెనూల పేర్లు మారతాయి గానీ వెతికే వరస ఇదే.

1. ముందు ప్రశ్నలు, తర్వాతే సెట్టింగులు

"మెయిల్స్ రావట్లేదు" అన్న ఒక్క మాటతో ఏమీ తేలదు. పంపినవారి పూర్తి అడ్రస్, ఎవరికి పంపారు, ఏ తేదీన ఎన్నింటికి పంపారు, సబ్జెక్ట్ ఏమిటి, ఇవి రాసుకోండి. తర్వాత ఇంకొకటి అడగండి: ఆ ఒక్క మనిషి మెయిలే రావట్లేదా, ఆ కంపెనీ నుంచి ఎవరు పంపినా రావట్లేదా, లేక బయటివాళ్లవి ఎవరివీ రావట్లేదా? ఒక్కరిదే అయితే తప్పు చాలావరకు ఇన్‌బాక్స్ రూల్‌లోనో, అడ్రస్ స్పెల్లింగ్‌లోనో ఉంటుంది. కంపెనీ మొత్తానిదైతే వాళ్ల డొమైన్ రికార్డులు చూడాలి. ఎవరివీ రాకపోతే అది స్పామ్ సమస్యే కాదు. మన డొమైన్ రెన్యూవల్ తేదీ దాటిపోయిందేమో చూడండి. నవ్వకండి, ఇది జరుగుతుంది.

పంపినవారికి బౌన్స్ మెయిల్ ("మీ మెయిల్ చేరలేదు" అన్న ఆటోమేటిక్ జవాబు) వెళ్లిందా అన్నది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. వెళ్తే దాని మొత్తం టెక్స్ట్ పంపమనండి, ఫొటో వద్దు. వాట్సాప్‌లో పంపే స్క్రీన్‌షాట్ సరిగ్గా మనకు కావాల్సిన లైన్ దగ్గరే తెగి ఉంటుంది. అందులో కోడ్ చూడండి. 4తో మొదలైతే తాత్కాలికం, పంపిన సర్వర్ మళ్లీ ప్రయత్నిస్తుంది. 5తో మొదలైతే ఇక ప్రయత్నించదు. 5.1.1 అంటే ఆ అడ్రసే లేదని, 5.2.2 అంటే మెయిల్‌బాక్స్ నిండిపోయిందని. ఈ రెండింటికీ స్పామ్ ఫిల్టర్‌తో సంబంధం లేదు. 5.7తో మొదలయ్యేవే మన కేసులు: సెక్యూరిటీ, పాలసీ, పంపినవారి గుర్తింపు.

2. మెయిల్‌బాక్స్ లోపలే ఉందేమో

జంక్ ఫోల్డర్ చూశారా అని అడిగితే అందరూ చూశామంటారు. పక్కన కూర్చుని మళ్లీ చూడండి. అవుట్‌లుక్‌లో ఫోకస్డ్ పక్కన అదర్ అని ఇంకో ట్యాబ్ ఉంటుంది, జీమెయిల్‌లో ప్రమోషన్స్ ఉంటుంది. జీమెయిల్‌లో మామూలుగా వెతికితే స్పామ్, ట్రాష్ ఫోల్డర్లలోవి కనిపించవు. సెర్చ్ ఆప్షన్లలో మెయిల్‌తో పాటు స్పామ్, ట్రాష్ కూడా కలిపి వెతకమని ఎంచుకోవాలి. జీమెయిల్ స్పామ్‌లో పడినవి 30 రోజులకు వాటంతటవే డిలీట్ అవుతాయి, కాబట్టి ఆలస్యం చేయొద్దు.

తర్వాత బ్లాక్డ్ సెండర్స్ జాబితా తెరవండి. ఎప్పుడో విసుగుతో ఒక న్యూస్‌లెటర్‌ను బ్లాక్ చేయబోయి, పక్కనున్న వెండర్ మెయిల్ మీద నొక్కిన సందర్భాలు నేను చాలా చూశాను.

ఆ తర్వాత రూల్స్. ఇక్కడ కాస్త ఆగి చూడాలి. "ఇన్‌వాయిస్", "పేమెంట్", "బ్యాంక్" లాంటి మాటలున్న మెయిల్స్‌ను ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్స్ లాంటి ఎవరూ తెరవని ఫోల్డర్‌కు పంపే రూల్ కనిపిస్తే, దాన్ని ఆ ఉద్యోగే పెట్టుకున్నారా అని అడగండి. "నాకు తెలియదండీ" అంటే అది స్పామ్ సమస్య కాదు, అకౌంట్ హ్యాక్ అయినట్టే లెక్క. లోపలికి దూరినవాడు జవాబులు అసలు మనిషి కంటపడకుండా ఇలాంటి రూల్స్ పెడతాడు. వెంటనే పాస్‌వర్డ్ మార్చండి, అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్ చేయించండి, రెండంచెల లాగిన్ పెట్టండి. బయటికి ఆటోమేటిక్‌గా ఫార్వర్డ్ అయ్యే సెట్టింగ్ ఏదైనా ఉంటే తీసేయండి. ఇన్‌వాయిస్ సంగతి తర్వాత.

3. ట్రేస్ తీయండి

మైక్రోసాఫ్ట్ 365లో ఎక్స్చేంజ్ అడ్మిన్ సెంటర్‌లో మెసేజ్ ట్రేస్ (మెయిల్ ప్రయాణించిన దారి రికార్డు) ఉంటుంది, 90 రోజుల దాకా వెనక్కి వెళ్లి చూడొచ్చు. గూగుల్‌లో అడ్మిన్ కన్సోల్‌లోని ఈమెయిల్ లాగ్ సెర్చ్ అదే పని చేస్తుంది. పంపినవారి అడ్రస్, తేదీ ఇచ్చి వెతికితే నాలుగైదు రకాల జవాబులొస్తాయి.

డెలివర్డ్ అని ఉంటే ఫిల్టర్ దాన్ని వదిలేసింది, మళ్లీ రెండో అడుగుకు వెళ్లండి. స్పామ్‌గా ఫిల్టర్ చేశామని ఉంటే జంక్‌లో ఉంది. క్వారంటైన్డ్ అంటే మెయిల్‌బాక్స్‌లో కాకుండా, అనుమానమున్నవి ఆపి ఉంచే విడి గదిలో ఉంది. మైక్రోసాఫ్ట్‌లో డిఫెండర్ పోర్టల్‌లోని క్వారంటైన్ పేజీకి వెళ్తే మెయిల్, దాన్ని ఏ పాలసీ పట్టుకుందన్న సమాచారం రెండూ దొరుకుతాయి. పాలసీని బట్టి 15 నుంచి 30 రోజుల్లో అదీ చెరిగిపోతుంది. ఫెయిల్డ్ అంటే మన సర్వరే తిప్పి పంపింది, వివరాల్లో కారణం ఉంటుంది.

అసలేమీ దొరకకపోతే? మెయిల్ మన సిస్టమ్ లోపలికే రాలేదన్నమాట. ఆ మాట వెండర్‌కు చెప్పడానికి మొహమాటపడొద్దు. "సార్, ఆ సమయంలో మీ దగ్గర్నుంచి వచ్చిన మెయిల్ మా ట్రేస్‌లో లేదు, మీ వైపు లాగ్ చూడండి" అనండి. మన దగ్గర ఆధారం ఉంది. ఒక్క మినహాయింపు: 365 ముందు వేరే స్పామ్ గేట్‌వే (మెయిల్స్‌ను ముందుగా వడకట్టే ఇంకో సర్వీసు) పెట్టుకుని ఉంటే, ఆ గేట్‌వే లాగ్ చూడకుండా ఈ మాట అనకండి.

4. హెడర్ చదవడం

చాలామంది ఇక్కడే వెనకడుగు వేస్తారు. హెడర్, అంటే మెయిల్ వెంట వచ్చే ప్రయాణ వివరాల చిట్టా, తెరిస్తే మంత్రాల్లా కనిపిస్తుంది, నిజానికి అందులో మనకు పనికొచ్చేవి మూడు చోట్లే. పాత డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో మెయిల్‌ను విడిగా తెరిచి ఫైల్, ప్రాపర్టీస్‌కు వెళ్తే ఇంటర్నెట్ హెడర్స్ కనిపిస్తాయి. జీమెయిల్‌లో మూడు చుక్కల మెనూలో షో ఒరిజినల్ నొక్కితే చాలు. పంపినవారి గుర్తింపును సరిచూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పరీక్షల (వీటి సంగతి ఐదో అడుగులో) ఫలితాలు పైనే పట్టికలా వస్తాయి.

మొదటి చోటు, రిసీవ్డ్ లైన్లు. వీటిని కింద నుంచి పైకి చదవాలి. ప్రతి సర్వరూ తన ముద్రను పైన వేసుకుంటూ పోతుంది కాబట్టి అన్నిటికంటే కింద ఉన్నదే మొదటి మజిలీ. టైమ్ పక్కన +0000 ఉంటే ఐదున్నర గంటలు కలిపితే మన టైమ్. రెండు లైన్ల మధ్య నాలుగు గంటల తేడా ఉంటే మెయిల్ ఎక్కడ ఇరుక్కుందో అక్కడే తెలిసిపోతుంది.

రెండోది ఆథెంటికేషన్ రిజల్ట్స్. ఆ నెలాఖరు ఇన్‌వాయిస్‌ను క్వారంటైన్ నుంచి తీసి చూస్తే ఇలా ఉంది: ఎస్‌పీఎఫ్ ఫెయిల్, డీకిమ్ నన్, డీమార్క్ ఫెయిల్, చివర కాంప్‌ఆత్ (అన్నీ కలిపి మైక్రోసాఫ్ట్ తేల్చే ఫలితం) ఫెయిల్, రీజన్ 000. అంటే వెండర్ డొమైన్ పేరుతో వచ్చింది గానీ, ఆ డొమైన్ అనుమతించిన సర్వర్ నుంచి రాలేదు. సంతకమూ లేదు. పైగా "ఇలాంటివి వస్తే పక్కన పెట్టండి" అని వాళ్ల డొమైనే లోకానికి చెప్పుకుంది. మన ఫిల్టర్ వాళ్ల మాటనే పాటించింది. ఆరా తీస్తే, ఆ కంపెనీవాళ్లు వారం కిందటే కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు మారారు. అది ఎక్కడో క్లౌడ్‌లోని తన సర్వర్ నుంచి నేరుగా ఇన్‌వాయిస్‌లు పంపుతోంది. ఆ సంగతి డీఎన్‌ఎస్‌లో (డొమైన్ వివరాలు లోకానికి కనిపించేలా ఉండే రికార్డుల్లో) చేర్చాలని ఎవరికీ తట్టలేదు.

అదే రీజన్ 601 అని వస్తే, మన డొమైన్ పేరుతోనే బయటి నుంచి వచ్చిందని అర్థం. మోసగాడి పని కావచ్చు, మన వెబ్‌సైట్ ఫారమో, ఆఫీసు స్కానరో కూడా కావచ్చు.

మూడోది మైక్రోసాఫ్ట్ రాసే యాంటీస్పామ్ రిపోర్ట్. అందులో ఎస్‌సీఎల్ అనే అంకె స్పామ్ అనుమానం ఎంతో చెప్తుంది. మైనస్ 1 అంటే ఫిల్టరే వేయలేదు, 0 లేదా 1 అంటే మంచిదే, 5, 6 అంటే స్పామ్, 9 అంటే కచ్చితంగా స్పామ్. పక్కనే ఎస్‌ఎఫ్‌వీ ఉంటుంది. ఎస్‌పీఎమ్ అని ఉంటే ఫిల్టర్ స్వయంగా తేల్చింది, బీఎల్‌కే అంటే యూజర్ బ్లాక్ లిస్టు ఆపింది, ఎస్‌కేబీ అంటే అడ్మిన్ పెట్టిన బ్లాక్ లిస్టు, ఎస్‌కేఎస్ అంటే మనమే రాసిన మెయిల్ ఫ్లో రూల్. చివరి మూడూ మన చేజేతులా చేసుకున్నవే. ఇవి కనిపిస్తే వెండర్‌ను తిట్టకండి.

సీఏటీ అనే ఇంకో ముక్క ఏ రకం నేరమో చెప్తుంది: బల్క్ (మూకుమ్మడి మెయిల్), స్పూఫ్ (వేరేవాళ్ల పేరుతో రావడం), ఫిష్ (వివరాలు దోచే వల) వగైరా. బల్క్ అయితే పక్కనే బీసీఎల్ (మూకుమ్మడి మెయిల్ మీద ఫిర్యాదుల స్థాయి) అంకె చూడండి, మామూలు సెట్టింగ్‌లో హద్దు 7. యూఐఎమ్‌పీ అని వస్తే తమాషాగా ఉంటుంది. ఎండీ గారు ఊళ్లో లేనప్పుడు సొంత జీమెయిల్ నుంచి ఆఫీసుకు మెయిల్ పెడతారు. ఎండీ పేరును ఎవరో వాడుకుంటున్నారని ఫిల్టర్ దాన్ని పట్టేస్తుంది. ఫిల్టర్‌ది తప్పని నేననను. ఆ పర్సనల్ అడ్రస్‌ను ఇంపర్సొనేషన్ పాలసీలో నమ్మకమైన అడ్రస్‌గా చేర్చొచ్చు. ఆఫీసు మెయిల్‌నే ఫోన్‌లో పెట్టుకోమని ఆయనకు చెప్పగలిగితే ఇంకా మంచిది.

5. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్: రోగం ఎక్కువగా ఇక్కడే

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌ను ఊహించుకోండి. "మా ఫ్లాట్ పేరు చెప్పి ఈ ముగ్గురే రావచ్చు" అని రాసిచ్చిన కాగితం ఎస్‌పీఎఫ్. కవరు మీద వేసిన లక్క సీలు డీకిమ్. సీలు చెదిరితే మధ్యలో ఎవరో తెరిచినట్టే. "జాబితాలోనూ లేక, సీలూ లేకపోతే ఏం చేయాలి, నాకెలా చెప్పాలి" అన్న సూచన డీమార్క్. దాంతో పాటు కవరు మీద కనిపించే పేరు, జాబితాలోని పేరు లేదా సీలు మీది పేరు ఒకటేనా అని కూడా అది సరిచూస్తుంది. ఈ సరిచూడటాన్నే అలైన్‌మెంట్ అంటారు. "ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, అయినా డీమార్క్ ఫెయిల్" అన్న వింతకు కారణం అదే.

ఈ వింత కొత్తగా మెయిల్ పెట్టుకున్న కంపెనీల్లో తరచూ కనిపిస్తుంది. మీ డొమైన్‌కు డీకిమ్ ఆన్ చేసేదాకా మైక్రోసాఫ్ట్ తన ఆన్‌మైక్రోసాఫ్ట్ డొమైన్ పేరుతో సంతకం పెడుతుంది, గూగుల్ కూడా అలాగే తన డొమైన్‌తో పెడుతుంది. హెడర్‌లో డీకిమ్ పాస్ అని చూసి సంబరపడతాం, కానీ ఆ సీలు మీద ఉన్న పేరు మనది కాదు. మైక్రోసాఫ్ట్‌లో సెలెక్టర్ 1, సెలెక్టర్ 2 అనే రెండు సీనేమ్ (ఇంకో చోటికి దారి చూపే) రికార్డులను డీఎన్‌ఎస్‌లో చేర్చి, డిఫెండర్ పోర్టల్‌లో డీకిమ్ ఆన్ చేయాలి. గూగుల్‌లో అడ్మిన్ కన్సోల్‌లో కీ తయారుచేసి, టెక్స్ట్ రికార్డు పెట్టి, తిరిగొచ్చి స్టార్ట్ ఆథెంటికేషన్ నొక్కాలి. ఆ ఆఖరి బటన్ మర్చిపోయేవాళ్లే ఎక్కువ. 2048 బిట్ కీ పొడవుగా ఉంటుంది, డీఎన్‌ఎస్‌లో ఒక్కో టెక్స్ట్ ముక్కకు 255 అక్షరాలే హద్దు. కొన్ని డొమైన్ ప్యానెళ్లు మిగతాది చప్పుడు చేయకుండా కోసేస్తాయి. పెట్టాక ఒకసారి బయటి నుంచి తీసి చివరి అక్షరం దాకా సరిపోల్చుకోండి.

ఎస్‌పీఎఫ్ విషయంలో నేను మళ్లీ మళ్లీ చూసే తప్పులు కొన్నే. ఒక డొమైన్‌కు ఒక్క ఎస్‌పీఎఫ్ రికార్డే ఉండాలి. పాత హోస్టింగ్‌వాడు పెట్టింది అలాగే ఉంచి, కొత్తగా 365ది ఇంకోటి చేరిస్తే రెండూ చెల్లవు, ఫలితం పర్మ్ఎర్రర్, అంటే శాశ్వత లోపం. రెండింటినీ కలిపి ఒక్కటిగా రాయాలి. రెండోది లెక్క: ఒక ఎస్‌పీఎఫ్‌ను పరిశీలించడానికి 10 డీఎన్‌ఎస్ వెతుకులాటలకు మించి అవసరం కాకూడదు. మనం రాసిన ఇంక్లూడ్‌లే ("ఫలానా సర్వీసు సర్వర్లూ పంపొచ్చు" అనే ముక్కలు) కాక వాటి లోపలున్న ఇంక్లూడ్‌లూ ఈ లెక్కలోకి వస్తాయి. హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్, మార్కెటింగ్ టూల్, టికెట్ల టూల్ అంటూ ఒక్కొక్కటీ చేర్చుకుంటూ పోతే 11వది దగ్గర మొత్తం కూలుతుంది. అప్పుడు నిన్నటిదాకా బాగా వెళ్లిన మామూలు మెయిల్స్ కూడా ఫెయిలవుతాయి, ఎవరికీ కారణం తెలియదు. వాడటం మానేసిన టూల్స్ తీసేయండి. మార్కెటింగ్ మెయిల్స్‌ను వేరే సబ్‌డొమైన్‌కు మార్చండి. రికార్డు చివర ప్లస్ ఆల్ అని ఎవరైనా పెట్టి ఉంటే వెంటనే తీసేయండి, "ఎవరైనా నా పేరుతో పంపుకోవచ్చు" అని దాని అర్థం.

వెబ్‌సైట్‌లోని కాంటాక్ట్ ఫారం ఇంకో పాత రోగం. ఫారం నింపినవారి అడ్రస్‌నే ఫ్రమ్‌లో పెట్టి పంపుతుంది. ఎవరో జీమెయిల్ అడ్రస్ ఇస్తే, జీమెయిల్ పేరుతో మన హోస్టింగ్ సర్వర్ పంపినట్టవుతుంది. ఏ ఫిల్టరైనా ఆపుతుంది. ఫ్రమ్‌లో మన డొమైన్ అడ్రస్, రిప్లై-టూలో ఆ సందర్శకుడి అడ్రస్ పెట్టమని వెబ్‌సైట్ చేసినవారికి చెప్పండి. ఐదు నిమిషాల పని.

ఫార్వర్డింగ్‌తో ఎస్‌పీఎఫ్ దాదాపు ఎప్పుడూ విరుగుతుంది, ఎందుకంటే మధ్యలోని సర్వర్ జాబితాలో ఉండదు. డీకిమ్ బతికి ఉంటే మెయిల్ గట్టెక్కుతుంది. మధ్యలో ఎవరైనా "ఈ మెయిల్ రహస్యం, పొరపాటున వస్తే తొలగించండి" అని డిస్‌క్లెయిమర్ అతికిస్తే సీలూ చెదురుతుంది.

365 ముందు వేరే గేట్‌వే ఉన్న ఆఫీసులకు ఒక మాట. 365 కంటికి ప్రతి మెయిలూ ఆ గేట్‌వే ఐపీ (ఇంటర్నెట్‌లో దాని అంకెల అడ్రస్) నుంచే వచ్చినట్టు కనిపిస్తుంది, దాంతో లోకంలో అందరి ఎస్‌పీఎఫ్ ఫెయిలే. గేట్‌వే నుంచి మెయిల్ తీసుకునే కనెక్టర్‌కు ఎన్‌హాన్స్‌డ్ ఫిల్టరింగ్ ఆన్ చేస్తే దాని వెనకున్న అసలు ఐపీని చూస్తుంది. గూగుల్‌లో దీనికి ఇన్‌బౌండ్ గేట్‌వే సెట్టింగ్ ఉంది.

6. మన మెయిలే వాళ్ల స్పామ్‌లోకి పోతుంటే

ఒక జీమెయిల్ అకౌంట్‌కు మెయిల్ పంపి షో ఒరిజినల్ చూడండి. మూడూ పాస్ కాకపోతే ఐదో అడుగే మందు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ గట్టిగా పట్టుకున్నాయి. జీమెయిల్‌కు రోజుకు 5,000కు పైగా పంపేవారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ తప్పనిసరి. ప్రచార మెయిల్స్‌కు ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే ఏర్పాటు ఉండాలి. స్పామ్ అని ఫిర్యాదు చేసేవారి శాతం 0.3 చేరకూడదు. అంటే వెయ్యి మందికి పంపితే ముగ్గురు "రిపోర్ట్ స్పామ్" నొక్కినా ప్రమాదమే. గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో ఈ శాతం చూడొచ్చు. 2025 మే 5 నుంచి మైక్రోసాఫ్ట్ కూడా అవుట్‌లుక్, హాట్‌మెయిల్ అడ్రస్‌లకు ఇలాంటి నియమాలే పెట్టింది. చిన్నగా పంపేవారికి కూడా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా లేకపోతే జీమెయిల్ 5.7.26 అని తిప్పి పంపవచ్చు.

మూడూ పాస్ అయినా స్పామ్‌లోకి పోతే ఐపీ పరువు చూడాలి. స్పామ్‌హౌస్ లాంటి బ్లాక్‌లిస్టుల్లో మీ ఐపీ ఉందేమో వాళ్ల సైట్‌లోనే వెతకొచ్చు. షేర్డ్ హోస్టింగ్ అయితే పక్కింటివాడు చేసిన పాపం మనకు తగులుతుంది. లిస్టులోంచి తీయించే ముందు కారణం వెతకండి. లోపల ఏదో ఒక హ్యాకైన అకౌంట్ ఇంకా పంపుతూనే ఉంటే రెండో రోజే మళ్లీ లిస్టులో ఉంటారు. ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ ఐపీ పీబీఎల్ అనే జాబితాలో కనిపిస్తే కంగారు పడొద్దు. ఇలాంటి కనెక్షన్ల నుంచి నేరుగా మెయిల్ పంపకూడదన్నదే ఆ జాబితా ఉద్దేశం. స్కానర్ నేరుగా బయటికి పంపుతుంటే దాన్ని మీ మెయిల్ సర్వీస్ ద్వారా పంపేలా మార్చండి.

సొంత మెయిల్ సర్వర్ నడిపేవారు ఒక ఉచ్చులో పడుతుంటారు. సర్వర్‌లో డీఎన్‌ఎస్‌గా 8.8.8.8 లాంటి పబ్లిక్ రిజాల్వర్ (డీఎన్‌ఎస్ ప్రశ్నలకు జవాబు తెచ్చిచ్చే సర్వర్) పెట్టి స్పామ్‌హౌస్‌ను అడిగితే, అది సమాధానం ఇవ్వకుండా 127.255.255.254 అనే ఎర్రర్ కోడ్ ఇస్తుంది. ఏ జవాబొచ్చినా "బ్లాక్‌లిస్టులో ఉంది" అనుకునేలా సర్వర్‌ను సెట్ చేసి ఉంటే, ఆ క్షణం నుంచి వచ్చే ప్రతి మెయిలూ తిరుగుముఖం పడుతుంది. సొంత రిజాల్వర్ పెట్టుకోవడమే దీనికి మార్గం.

ఫిల్టర్లూ తప్పులు చేస్తాయి. స్పామ్‌అసాసిన్ అనే ఫిల్టర్ ఒక్కో లక్షణానికి ఇన్ని పాయింట్లని వేసి, మామూలుగా 5 చేరితే స్పామ్ అంటుంది. అందులో "తేదీ చాలా దూర భవిష్యత్తులో ఉంది" అని పట్టుకునే రూల్ ఒకటుండేది. రాసినవాళ్లు 2010ని దూర భవిష్యత్తుగా లెక్కేశారు. 2010 జనవరి 1 వచ్చేసరికి ఆ రూల్ ఉన్న సర్వర్లలో మామూలు మెయిల్స్‌కూ ఆ పాయింట్లు పడ్డాయి. అందుకే సొంత సర్వర్‌లో ఫిల్టర్ రూల్స్ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి.

తెలుగులో రాసే మెయిల్స్ సంగతి

మైక్రోసాఫ్ట్ యాంటీస్పామ్ పాలసీలో ఫలానా భాషల్లో ఉన్న మెయిల్స్‌ను స్పామ్‌గా గుర్తించే ఆప్షన్ ఉంది. విదేశాల్లో హెడ్ ఆఫీసు ఉన్న కంపెనీల్లో అక్కడి అడ్మిన్ ఇంగ్లిష్ తప్ప మిగతావన్నీ టిక్ చేసేస్తే, ఇక్కడి ఉద్యోగి తెలుగులో పంపిన లెటర్ జంక్‌లో పడుతుంది. తెలుగు మెయిల్స్ మాత్రమే పోతున్నాయని తేలితే ముందు ఆ పాలసీ చూడమనండి. పాత డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో జంక్ ఆప్షన్లలో ఇంటర్నేషనల్ అనే ట్యాబ్ కూడా ఉంటుంది, అక్కడ ఎన్‌కోడింగ్‌లను బ్లాక్ చేసి ఉండొచ్చు. హెడర్‌లో తెలుగు సబ్జెక్ట్ అర్థంకాని అక్షరాల దండలా, యూటీఎఫ్-8 అన్న ముక్కతో మొదలై కనిపిస్తుంది. అది వైరస్ కాదు, తెలుగు అక్షరాలను అలా మూటగట్టి పంపుతారంతే.

7. వైట్‌లిస్ట్: చేయాల్సి వస్తే ఎలా

ఇప్పుడు ఆ పాత కథ. ఒక వెండర్ మెయిల్స్ ఆగుతున్నాయని, ఆ డొమైన్ నుంచి ఏమొచ్చినా ఎస్‌సీఎల్ మైనస్ 1 చేసే రూల్ పెట్టాను. అందరూ సంతోషించారు, నేను మర్చిపోయాను. కొన్ని నెలలకు అదే వెండర్ పేరుతో మెయిల్ వచ్చింది: "మా బ్యాంక్ మారింది, ఈసారి పేమెంట్ ఈ అకౌంట్‌కు వేయండి." హెడర్‌లో ఎస్‌పీఎఫ్ ఫెయిల్, డీమార్క్ ఫెయిల్. ఫలితాలు అక్కడే రాసి ఉన్నా, వదిలేయమని నేను పెట్టిన రూల్ చెప్పింది, ఫిల్టర్ వదిలేసింది. అకౌంట్స్ మేడమ్ ఐఎఫ్ఎస్‌సీ కోడ్ చూసి, "వీళ్ల బ్రాంచి వేరే రాష్ట్రంలో ఎందుకుంది?" అని పాత నంబర్‌కు ఫోన్ చేయబట్టి బయటపడ్డాం. డబ్బు వెళ్లిపోయి ఉంటే వెంటనే బ్యాంకుకూ, సైబర్ హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయడం తప్ప దారి లేదు.

అందుకని ఇప్పుడు నేను పేరు ఒక్కదాన్నే నమ్మను. రూల్ పెట్టాల్సి వస్తే రెండు షరతులు పెడతాను: ఆ డొమైన్ నుంచి రావాలి, ఆథెంటికేషన్ రిజల్ట్స్‌లో డీమార్క్ పాస్ అని ఉండాలి. గూగుల్‌లో అప్రూవ్డ్ సెండర్స్ జాబితాకు ఆథెంటికేషన్ తప్పనిసరి అన్న ఆప్షన్ ఉంటుంది, దాన్ని తీసేయొద్దు. మన సొంత డొమైన్‌ను ఎప్పుడూ అనుమతి జాబితాలో పెట్టకండి. జీమెయిల్ డొమైన్ మొత్తాన్ని పెట్టినవాళ్లనూ చూశాను, ఏమనాలో తెలియలేదు. ఫిల్టర్ నిజంగా పొరపాటు పడిందనుకుంటే క్వారంటైన్ నుంచి విడుదల చేసేటప్పుడే మైక్రోసాఫ్ట్‌కు రిపోర్ట్ చేసే ఆప్షన్ ఉంటుంది, వాడండి. కచ్చితంగా ఫిషింగ్ అని తేల్చినవి యూజర్ సేఫ్ సెండర్స్‌లో పెట్టుకున్నా క్వారంటైన్‌కే పోతాయి. "నేను సేఫ్ అని పెట్టానుగా" అని అడిగేవారికి ఇదే జవాబు.

8. అవతలివాళ్ల చేత బాగు చేయించడం

తప్పు వెండర్ రికార్డుల్లో ఉంటే మందు వాళ్ల దగ్గరే ఉంది. "మీ మెయిల్స్ రావట్లేదు" అని రాస్తే "మా దగ్గర అంతా బాగానే ఉంది" అన్న జవాబే వస్తుంది. వాళ్ల ఐటీ మనిషి చేతికి అందేలా ఇలా రాయండి, ఇంగ్లిష్‌లో రాసినా ఉండాల్సినవి ఇవే:

"నమస్తే సార్. మీ అకౌంట్స్ అడ్రస్ నుంచి ఫలానా తేదీన, ఫలానా సమయానికి వచ్చిన ఇన్‌వాయిస్‌ను మా ఫిల్టర్ క్వారంటైన్ చేసింది. పంపిన ఐపీ ఇది. ఈ ఐపీ మీ డొమైన్ ఎస్‌పీఎఫ్ రికార్డులో లేదు, మెయిల్‌కు డీకిమ్ సంతకం లేదు, మీ డీమార్క్ పాలసీ క్వారంటైన్ అని ఉంది. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌వారిని అడిగి వారి ఇంక్లూడ్‌ను ఎస్‌పీఎఫ్‌లో చేర్చండి, మీ డొమైన్ పేరుతో డీకిమ్ ఆన్ చేయించండి. పూర్తి హెడర్ జతచేశాను. ఇతర కస్టమర్ల దగ్గర కూడా మీ ఇన్‌వాయిస్‌లు ఆగుతూ ఉండొచ్చు."

ఆ చివరి వాక్యం వదలకండి. మన ఒక్కరి సమస్య అయితే నెల పడుతుంది, వాళ్ల వసూళ్లు ఆగుతున్నాయంటే మర్నాటికే కదలిక వస్తుంది.

రికార్డు మార్చామని వాళ్లు చెప్పగానే పరీక్షించకండి. పాత రికార్డు టీటీఎల్ (ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పే గడువు) గడిచేదాకా సర్వర్ల జ్ఞాపకంలోనే ఉంటుంది. టీటీఎల్ 3600 అయితే గంట ఆగాలి, 86400 అయితే ఒక రోజు. ఆ తర్వాత ఒక నిజమైన ఇన్‌వాయిస్ పంపమని, హెడర్‌లో డీమార్క్ పాస్ చూసి, ఈలోగా పెట్టిన తాత్కాలిక రూల్ తీసేయండి. తాత్కాలిక రూల్ పేరులోనే తీసేయాల్సిన తేదీ రాసే అలవాటు నాకు ఆ బ్యాంక్ మెయిల్ తర్వాతే వచ్చింది.

మన డొమైన్‌కు డీమార్క్ లేకపోతే పాలసీ నన్ (ఏదీ ఆపొద్దు) అని మొదలుపెట్టి, రిపోర్టులు వచ్చే అడ్రస్ ఒకటి ఇవ్వండి. రోజూ జిప్ ఫైళ్లు వస్తాయి. మామూలుగా తెరిస్తే అర్థం కావు, వాటిని పట్టికగా చూపించే ఉచిత టూల్స్ ఉన్నాయి. కొన్ని వారాలు చూస్తే మన పేరుతో ఎవరెవరు పంపుతున్నారో తెలుస్తుంది. మా దగ్గరైతే, ఎప్పుడో మానేశామనుకున్న పాత హెచ్‌ఆర్ టూల్ ఇంకా పుట్టినరోజు శుభాకాంక్షలు పంపుతూనే ఉందని అప్పుడే తెలిసింది. అసలైనవన్నీ పాస్ అవుతున్నాయని నిర్ధారించుకున్నాకే క్వారంటైన్‌కు, ఆ తర్వాత రిజెక్ట్‌కు మారండి.